మే ఈగలూ నల్ల రోడ్డూ

ఏటికి అడ్డంగా బిగించిన ఇనప చువ్వల దడి దగ్గర ఎన్నోక్ పర్కిస్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. పొద్దున ఏడు గంటలు. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన నాచూ ఆకులూ ఆ చువ్వలకి చుట్టుకుని ఉంటాయి. వాటిని గుప్పెడు గుప్పెడు లాగి, అరచేతిలో పరిచి, చూపుడువేలితో విడదీస్తున్నాడు. వెతికేది పొట్టు కోసం. మే ఈగ నీళ్లలోంచి పైకి లేచేటప్పుడు విప్పి పారేసే పొట్టు అది. ఉల్లిపాయ పైపొర లాగా పల్చగా ఉంటుంది. మంచి ఏడాదైతే మే నెలాఖరుకి ఆ దడి దగ్గర పారతో ఎత్తిపోయాల్సినంత పేరుకుంటుంది.

ఆ రోజు మూడు దొరికాయి. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. మూడే.

అప్పటికి మే ఇరవై ఏడు. గట్టు మీద ముళ్లపొదలు తెల్లగా విరగబూశాయి. పిచ్చుకల్లాంటి నల్ల పిట్టలు వచ్చేశాయి. నీళ్లు అద్దంలా ఉన్నాయి, అడుగున సున్నపురాయి తెల్లగా కనిపిస్తోంది, ట్రౌట్ చేపలు మూతులు ఎగువకి పెట్టి ఆకలితో నిలబడి ఉన్నాయి. పెళ్లివారందరూ వచ్చి పంక్తిలో కూర్చున్నట్టుంది. వడ్డించడానికే ఏమీ లేదు.

పర్కిస్ ఆ ఏటికి కాపరి. ముప్ఫై ఒక్క ఏళ్ల నుంచీ అదే పని. నాచు కొయ్యడం, గట్టు కట్టడం, ట్రౌట్ పిల్లల్ని మింగే పైక్ చేపల్ని పట్టి చంపడం, అన్నిటికన్నా ముఖ్యంగా ఈగ ఎప్పుడు లేస్తుందో చెప్పడం. మే ఈగ రెండేళ్లు ఏటి అడుగున బురదలో పురుగై పడి ఉంటుంది. తర్వాత ఒక మధ్యాహ్నం పూట వానాకాలపు ఉసిళ్లలా వేలకి వేలు ఒక్కసారి లేస్తాయి. రెక్కలొచ్చాక దానికి నోరుండదు, తిండుండదు. ఒకటి రెండు రోజులు గాల్లో ఆడి, నీళ్ల మీద గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఆ రెండు వారాలూ చేపలు పిచ్చెక్కినట్టు పైకొచ్చి తింటాయి. లండన్‌లో ఉండే పన్నెండుమంది క్లబ్బు దొరలు ఏడాదంతా ఎదురుచూసేది ఆ రెండు వారాల కోసమే. పర్కిస్ ప్రతి మే నెలలో ఊళ్లోకి నడిచి వెళ్లి వాళ్లకో టెలిగ్రాం కొట్టేవాడు. అందులో రెండే మాటలు: 'ఈగ లేచింది.' అంతే, కార్లు బయల్దేరేవి. ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట తప్పు పోలేదు.

ఈ ఏడాది ఆ మాట ఇంకా వెళ్లలేదు. వెళ్లకపోతే ఏమవుతుందో చెబుతూ మార్చిలోనే క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది. ఏటి గట్టున ఉన్న ఇల్లు క్లబ్బుది. కాపరి పని ఉన్నంతకాలమే అందులో ఉండాలి. పర్కిస్ భార్య హెట్టీకి ఊపిరితిత్తుల జబ్బు. రెండేళ్ల నుంచీ కిటికీ పక్కన మంచం మీదే ఉంది.

ఇంటికి రాగానే టెలిఫోను మోగింది. క్లబ్బు కార్యదర్శి కెప్టెన్ థర్లో.

"ఏం పర్కిస్, బతికే ఉన్నావా? పైన మిల్లు వాళ్ల నీళ్లలో ఈగ మంచు కురిసినట్టు లేస్తోందట! మన దాంట్లో ఏమైంది? నీ మొహం చూసి చూసి ఈగలకి కూడా విసుగొచ్చిందా?"

"ఇంకా లేవలేదు సార్. మూడు పొట్లే దొరికాయి."

"మూడా? మనిషికో పావు వంతు పంచుతావా? శుక్రవారం వస్తున్నాం. నువ్వు పిలిచినా వస్తాం, పిలవకపోయినా వస్తాం."

ఫోను పెట్టేశాడు. హెట్టీ మంచం మీద నుంచి అడిగింది. "రోడ్డు సంగతి చెప్పావా?"

"రెండేళ్ల క్రితం చెప్పాను కదే," అన్నాడు పర్కిస్.

రెండేళ్ల క్రితం ఏం జరిగిందో ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తరు. అయినా అది ఇద్దరికీ అన్నం ముద్ద మింగినట్టు రోజూ గొంతులో దిగేదే.

థర్లో కొత్తగా కార్యదర్శి అయిన ఏడాది అది. ఏటికీ ముళ్లపొదలకీ మధ్య పాత బండిదారి ఉండేది. దొరల కార్లకి బురద అంటుతోందని ఆ దారి పొడుగునా, మైలున్నర మేర, తారు పోయించాడు. బూటుకి పాలిష్ పెట్టినట్టు నల్లగా నిగనిగలాడేది. జూన్ మొదట్లో ఒక సాయంత్రం వాన వెలిసింది. పొదల మీద ఆడి ఆడి గుడ్లు పెట్టడానికి దిగిన ఆడ ఈగలు ఏటి దాకా పోలేదు. మధ్యలో రోడ్డు తగిలింది. నల్లగా, తడిగా, ఆకాశం అందులో కనిపిస్తూ. అదే ఏరనుకున్నాయి. తోకలు తారుకి ఆనించి ఆనించి గుడ్లు పెట్టి, రెక్కలు చాపుకుని అక్కడే చచ్చాయి. ఇరవై అడుగుల అవతల అసలు ఏరు పారుతూనే ఉంది.

పర్కిస్ ఆ సాయంత్రం చాకుతో తారు మీద గుడ్లు గీకాడు. పసుపుపచ్చగా, రవ్వ కన్నా సన్నగా ఉన్నాయి. టోపీ నిండా పోసి ఏట్లో కలిపాడు. ఒక టోపీకి ఏం ఒరుగుతుంది? తెల్లారేసరికి ఒక ఆలోచన వచ్చింది. నలుపే కదా వాటిని మోసం చేస్తోంది, తెల్లగా చేస్తే సరి. గుట్ట పక్క గోతిలోంచి సుద్దమట్టి తవ్వి, చక్రం బండిలో పోసుకుని, పొదలు గుబురుగా ఉన్న చోటల్లా రోడ్డు మీద చల్లాడు. మధ్యాహ్నానికి నడుము విరిగిపోయింది కానీ రోడ్డు మట్టుకు తెల్లబడింది.

భోజనాల వేళకి దొరలు దిగారు. థర్లో కారు చక్రాలు సున్నంలో ముంచి తీసినట్టయ్యాయి. భోజనాలయ్యాక పర్కిస్‌ని పిలిపించాడు.

"ఇదేంటి పర్కిస్? పిండిమర పెట్టావా?"

పర్కిస్ టోపీ చేత్తో పట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఈగ కంటికి నల్లటి మెరుపు కనిపిస్తే నీళ్లేనని, ఈ గుడ్లు ఇక్కడ ఎండిపోతే రెండేళ్ల తర్వాత ఏట్లో ఈగ ఉండదని. రెండు వారాలు మాత్రం సుద్ద ఉంచమని బతిమాలాడు.

దొరలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భోజనంతో పాటు వైను కూడా దండిగానే పడింది. ముందు ఒకాయన కిసుక్కుమన్నాడు. తర్వాత అందరూ.

"అంటే నా రోడ్డు ఏరంటావ్?" అన్నాడు థర్లో.

"వాటి కంటికి సార్."

"భలే! నాకు తెలీకుండా ఇంకో ఏరు కూడా కొన్నానన్నమాట. సరే, ముందు అది కడుగు. చుక్క సుద్ద కనిపించకూడదు."

పర్కిస్ కింద పనిచేసే రెజ్ కిచర్ చీపురు తెచ్చాడు. పర్కిస్ ఏట్లోంచి బకెట్లతో నీళ్లు మోసి పోశాడు, రెజ్ ఊడ్చాడు. క్లబ్బు గది ముందున్న వంద గజాలూ అయ్యేసరికి రోడ్డు మళ్లీ అద్దంలా మెరిసింది. దొరలు కుర్చీలు బయట వేయించుకుని కూర్చున్నారు.

"ఆహా, ఇప్పుడు నిజంగానే ఏరులా ఉందయ్యా," అన్నాడు థర్లో. "ఇదిగో నా గాలం. వెయ్యి."

"సార్?"

"ఈగ మోసపోయినప్పుడు చేప మోసపోదా? వెయ్యవయ్యా. మోకాళ్ల మీద కూర్చో, నిలబడితే చేప బెదురుతుంది. ముప్ఫై ఏళ్ల నుంచీ మాకు చెప్పేది నువ్వే కదా!"

పర్కిస్ తన ఇంటి కిటికీ వైపు చూశాడు. హెట్టీ లేచి కూర్చుని చూస్తోంది. ఉద్యోగం, ఇల్లు, ఆ కిటికీ, ఆ మంచం. తడి తారు మీద మోకాళ్లు ఆనించి గాలం వేశాడు. తాడు గాల్లో చక్కగా విప్పుకుని, ఈకలతో కట్టిన దొంగ ఈగ రోడ్డు మీద పువ్వులా వాలింది. అలా వెయ్యడం ఆ పన్నెండుమందిలో ఒక్కడికీ చేతకాదు. అందుకే కాబోలు ఇంకా గట్టిగా నవ్వారు.

"ఇంకొంచెం ఎగువకి!"

"అదిగో, ఆ గుంట పక్కన పెద్దది కదిలింది!"

రెజ్‌కి థర్లో ఏదో సైగ చేశాడు. రెజ్ భోజనాల బల్ల మీదున్న ఉడికిన చేప తలకాయ తెచ్చి, వంగుని, గాలానికి గుచ్చాడు. "పడింది! మిస్టర్ పర్కిస్‌కి పడిందండోయ్! లాగండి మామా, లాగండి!" అని గంతులేశాడు. దొరలు చప్పట్లు కొట్టారు. రెజ్‌కి ఒక పెద్ద గ్లాసు బీరు ఇప్పించారు. పర్కిస్ తలకాయ ఊడదీసి, తాడు చుట్టి, గాలం తుడిచి తిరిగిచ్చాడు.

సాయంత్రం ఆరున్నరకి దొరలు ఏటి వైపు తిరిగి కూర్చున్నారు. వాళ్ల వీపుల వెనక, కడిగిన రోడ్డు మీద, ఈగలు మళ్లీ దిగాయి.

మరుసటి ఏడాది ఈగ బాగానే లేచింది. అవి రోడ్డు వెయ్యక ముందు పెట్టిన గుడ్లు మరి. "ఏం పర్కిస్, రోడ్డు ఏరు ఎండిపోలేదే!" అని అందరూ వెక్కిరించారు. ఆ ఏడాదీ అవి దిగింది రోడ్డు మీదే. పర్కిస్ మళ్లీ నోరెత్తలేదు.

ఇదిగో, ఇప్పుడు మూడు పొట్లు.

శుక్రవారం థర్లో ఇంకో నలుగురితో దిగాడు. ఆ క్లబ్బులో ఒక నియమం ఉంది. పైకి లేచి ఈగను తినే చేప కనిపిస్తేనే గాలం వెయ్యాలి. ఊరికే నీళ్లలోకి విసరడం సిగ్గుమాలిన పని, కబేళా పని కింద లెక్క. ఈగ లేదు కాబట్టి చేప లేవలేదు, చేప లేవలేదు కాబట్టి దొరలు ఒళ్లో గాలాలు పెట్టుకుని బల్లల మీద కూర్చున్నారు. శుక్రవారం కూర్చున్నారు. శనివారం కూర్చున్నారు. ఆదివారం మిల్లు వైపు నుంచి కేరింతలు వినిపించాయి. అక్కడ తారు రోడ్డు లేదు. అక్కడ ఆవులు తిరిగే దారే.

సోమవారం పొద్దున థర్లో పర్కిస్‌ని క్లబ్బు గదికి పిలిపించాడు. రెజ్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"మిడ్‌సమ్మర్ రోజుకి, జూన్ ఇరవై నాలుగుకల్లా, ఇల్లు ఖాళీ చెయ్యి పర్కిస్. నాచు అడ్డంగా కోశావో, బురద తోడేశావో, నిద్రే పోయావో నాకనవసరం. పైన ఉన్నదీ ఈ నీళ్లే, కిందకొచ్చేసరికి ఈగ లేదు. మధ్యలో ఉన్నది నువ్వొక్కడివే."

"మధ్యలో రోడ్డు ఉంది సార్."

"మళ్లీ రోడ్డా! ఆడలేక మద్దెల ఓడన్నాట్ట!" థర్లో నవ్వాడు. మిగిలినవాళ్లు ఈసారి నవ్వలేదు, విసుగ్గా చూశారు. "అన్నట్టు, ఇన్నేళ్లు చేశావు, ఉత్తచేతులతో పంపితే బాగోదు. ఒకరోజు మా ఏట్లో గాలం వేసుకో. కాపరికి ఇంతవరకూ ఎవరూ ఇవ్వని గౌరవం. కాకపోతే నియమం నియమమే. చేప లేస్తేనే సుమా."

"నా తర్వాత ఎవరు సార్?"

"కిచర్."

రెజ్ నేల చూశాడు. పెళ్లాం డోరీన్‌కి ఆరో నెల. ఇద్దరూ పొలంలో ఒక రేకు బండిలో కాపురం ఉంటున్నారు.

జూన్ రెండో వారంలో డోరీన్ ఇల్లు చూడటానికి వచ్చింది. చేతిలో కొలత టేపు. హెట్టీ పడుకుని ఉండగానే ఆ మంచం మీదుగా వంగి కిటికీ కొలిచింది. "అమ్మయ్య, బండిలో ఉన్న కర్టెన్లు సరిపోతాయి. ఏమనుకోకండి మిసెస్ పర్కిస్, తర్వాత వస్తే మీరు సర్దుకునే హడావిడిలో ఉంటారని..."

"కొలుచుకోమ్మా," అంది హెట్టీ. దగ్గు ఆపుకోవడానికి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. "ఆ మూల గాలి కొడుతుంది. ఉయ్యాల అటు వెయ్యకు."

బయట రెజ్ టోపీ నలుపుతూ నిలబడ్డాడు. పర్కిస్ నాచుకోత కొడవలీ, ముప్ఫై ఒక్క ఏళ్లూ ఏ రోజు ఏ ఈగ లేచిందో రాసుకున్న పుస్తకం అతనికి అప్పజెప్పాడు. పాత కాపరి కొత్త కాపరికి ఇచ్చేవి ఆ రెండే.

"మిస్టర్ పర్కిస్, ఒక మాట అడగనా?" అన్నాడు రెజ్. "నిజంగా ఏం తేడా వచ్చింది? దొరలతో అంటే అన్నారు, నాతో చెప్పండి. ఇలాగే ఉంటే రెండేళ్ల తర్వాత నన్నూ గెంటేస్తారు. పిల్లాడొకడు వస్తున్నాడు."

పర్కిస్ అతని మొహం చూశాడు. నాలుక చివర దాకా వచ్చింది. సుద్ద చల్లు రెజ్, ఎవరేమన్నా చల్లు, ఇంకా కొన్ని ఈగలు మిగిలున్నాయి, వాటితో మళ్లీ మొదలవుతుంది. రెజ్ ఒక్క మాట అంటే చాలు, ఆ చేప తలకాయ గురించి తప్పైందని ఒక్క మాట, చెప్పేసేవాడే. ఆగి చూశాడు.

"ఇంకోటి," అన్నాడు రెజ్. "ఆ ఇనప పొయ్యి ఇక్కడే ఉంచుతారా, తీసుకెళ్తారా? డోరీన్ అడగమంది."

"ఉంచుతా," అన్నాడు పర్కిస్. "హంసలు రెజ్. హంసలు నాచు పీకి బురదంతా కెలికేస్తాయి. పురుగు ఎలా బతుకుతుంది? గూళ్లు వెతికి గుడ్లు పగలగొట్టు."

"అంతేనా! అదా సంగతి!" రెజ్ మొహం వెలిగిపోయింది. పర్కిస్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు.

మర్నాడు మధ్యాహ్నం పర్కిస్ దడి దగ్గరికి వెళ్లాడు. అలవాటు. చువ్వలకి పొట్టు పట్టుకుని ఉంది. మూడు కాదు. రెండు గుప్పెళ్లు. ఏడాది మొత్తానికి ఆ ఏట్లో మిగిలినవి ఆలస్యంగా, ఒక్కసారే లేచాయి. రెండు మూడు వందలుంటాయేమో. వెళ్లి పొదల కింద ఆకులు తిప్పి చూశాడు. ఆకు ఆకునా రెక్కలు మడుచుకుని కూర్చుని ఉన్నాయి. మరుసటి రోజు సాయంత్రం గాలి లేకపోతే గుడ్లు పెట్టడానికి దిగుతాయి.

మరుసటి రోజు గాలి లేదు. వాన కూడా లేదు. వారం నుంచి ఎండ కాసి రోడ్డంతా తెల్లటి దుమ్ము పట్టి, సుద్ద చల్లినట్టే ఉంది. ఇలా ఉంటే అవి దాన్ని దాటుకుని ఏట్లోకే పోతాయి.

సాయంత్రం ఆరు గంటలకి పర్కిస్ రెండు బకెట్లు తీశాడు.

హెట్టీకి చప్పుడుతోనే అర్థమైంది. "ఎన్నోక్. వద్దు."

"దుమ్ము లేస్తోందే. నీ దగ్గుకి పడదు."

"నాకు చెప్పకు కబుర్లు. వాటి తప్పేముంది?"

"నా తప్పేముంది?" అన్నాడు పర్కిస్. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లాడు.

ఏట్లో ముంచాడు, రోడ్డు మీద పోశాడు. మళ్లీ ముంచాడు, పోశాడు. పొదలు గుబురుగా ఉన్న చోటు ఎక్కడో ఆయన కన్నా తెలిసినవాడు లేడు, సరిగ్గా ఆ ముక్కే తడిపాడు. దుమ్ము కొట్టుకుపోయి కింద నలుపు బయటపడుతుంటే, ఎప్పుడూ లేనిది, నడుము నొప్పి కూడా తెలియలేదు.

రెజ్ సైకిలు మీద వస్తూ చూసి ఆగాడు. "ఏంటి మిస్టర్ పర్కిస్, ఈ వయసులో ఈ మోత?"

"దుమ్ము రెజ్. రేపు సామాను బండొస్తుంది. హెట్టీకి దగ్గు."

"అయ్యో, నాకు చెప్పకూడదూ! ఇలా ఇవ్వండి." సైకిలు పొదకి చేరేసి, చొక్కా చేతులు మడిచి, పర్కిస్ చేతిలోంచి బకెట్లు లాక్కున్నాడు. "మీరు కూర్చోండి. ఎంత దాకా?"

"ఆ వంపు దాకా."

"దానికేం భాగ్యం!"

కుర్రతనం, బలం ఉన్నవాడు. పావుగంటలో వంపు దాకా తడిపేశాడు, పర్కిస్ అడక్కుండానే చీపురు తెచ్చి నున్నగా ఊడ్చాడు కూడా. పర్కిస్ ఇంటి మెట్టు మీద కూర్చుని చూశాడు.

ఏడు గంటలకి పొదల మీద పొగలాగా లేచాయి. పైకి ఎగరడం, రెక్కలు ఆపి జారడం, మళ్లీ ఎగరడం. ఏటవాలు ఎండకి ఒక్కొక్కటీ మెరుస్తోంది. రెజ్ చేతిలో చీపురు జారిపోయింది.

"ఈగ! మిస్టర్ పర్కిస్, ఈగ లేచింది! చూడండి, చూడండి!" ఏడుపూ నవ్వూ కలిసొచ్చేశాయి అతనికి. "అబ్బా, ఎలా ఆడుతున్నాయో! ఏం పోలేదన్నమాట. అంతా బాగానే ఉందన్నమాట!"

"నీ అదృష్టం రెజ్."

"పోస్టాఫీసు మూసేసుంటారు కదూ? లేపి కొట్టిస్తా టెలిగ్రాం. నా మొదటి టెలిగ్రాం! రెండు మాటలే కదా?"

"రెండే," అన్నాడు పర్కిస్.

రెజ్ సైకిలెక్కి, తడి రోడ్డు మీదే, గంట కొట్టుకుంటూ పోయాడు. చక్రాలు వెళ్లిన దారి వెనకాలే మొదటి ఈగలు దిగాయి. తోకలు తారుకి ఆనించి లేచాయి, మళ్లీ ఆనించాయి. పర్కిస్ కదల్లేదు. చివరిది పడేదాకా చూశాడు. ఇరవై అడుగుల అవతల ఏట్లో ఒక ముసలి ట్రౌట్ మూతి పైకెత్తి, ఏమీ దొరక్క, మళ్లీ కిందకి పోయింది.

ప్రయాణానికని హెట్టీ ఆ పొద్దునే మంచం మీద కూర్చుని ఆయన నల్ల బూట్లకి పాలిష్ పెట్టింది. అవే ఇప్పుడు ఆయన కాళ్లకున్నాయి. ఒక ఆడ ఈగ వచ్చి ఆ బూటు ముక్కు మీద వాలింది. తోక వంచి, పసుపుపచ్చటి గుడ్ల ముద్ద అక్కడ పెట్టి, రెక్కలు చాపేసింది. ఇరవై అడుగులు నడిచి కాలు ఏట్లో ముంచితే చాలు.

పర్కిస్ జేబులోంచి చేతిరుమాలు తీసి బూటు తుడుచుకున్నాడు. మచ్చ లేకుండా రెండోసారి కూడా తుడిచి, లోపలికి వెళ్లాడు.

"ఎవరా కేకలు?" అంది హెట్టీ గోడ వైపు తిరిగి పడుకునే.

"రెజ్," అన్నాడు పర్కిస్. "సంతోషం పట్టలేకపోతున్నాడు."